రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి అమెరికా కారు కొనాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1920లు, 30ల నాటి అమెరికా కార్ల గురించే. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ బండ్ల మీద ఇంత ఇష్టం ఉందని తెలిసి మనసు నిండింది. ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ విజయనగరం కంటోన్మెంట్ వైపు షెడ్డులో పాత బండ్ల పనే చేస్తుంటాను. అందుకే కొన్ని ప్రశ్నలకు కాస్త పొడుగ్గానే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. పాత అమెరికా కారు ఒకటి కొనాలని ఎన్నాళ్లుగానో కోరిక. మూడు చూశాను. 1930 ఫోర్డ్ మోడల్ ఎ టూరర్, నడుస్తోంది గానీ రంగు పోయింది. 1934 షెవర్లే సెడాన్, చూడ్డానికి చాలా అందంగా ఉంది. 1938 పకార్డ్, ఇంజిన్ విప్పి పెట్టెల్లో ఉంది, ధర మాత్రం బాగా తక్కువ. ఏది తీసుకోమంటారు?

జవాబు: మోడల్ ఎ తీసుకోండి బాబూ. రంగు పోయినా ఫరవాలేదు.

ముందు పకార్డ్ సంగతి చెప్పేస్తాను. గొప్ప కారు, అందులో అనుమానం లేదు. కానీ ఇంజిన్ పెట్టెల్లో ఉందంటే ఏ సామాను ఉందో, ఏది పోయిందో మళ్లీ బిగించేదాకా ఎవరికీ తెలీదు. ఆ కారుకు ఒక చిన్న భాగం దొరక్కపోతే నెలల తరబడి ఎదురుచూడాలి. ధర అంత తగ్గించి చెప్పారంటే కారణం ఆ పెట్టెల్లోనే ఉంది. మొదటి పాత కారును నడపడానికి కొనాలి. నడిచే బండి మనకు పని నేర్పుతుంది. విప్పి ఉన్న బండి డబ్బునీ, ఉత్సాహాన్నీ రెండింటినీ తినేస్తుంది.

షెవర్లే అందంగా ఉందన్నారు. నా అనుమానం ఆ అందం మీదే. ఆ కాలపు షెవర్లే, బ్యూక్ లాంటి జనరల్ మోటార్స్ కార్లకు బాడీ లోపల చెక్క చట్రం ఉంటుంది, దాని మీద రేకు బిగించి ఉంటుంది. 1930ల మధ్య దాకా అదే పద్ధతి. మన దగ్గర సముద్రపు చెమ్మా ఉంది, చెదలూ ఉన్నాయి. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల చెక్క పొడైపోయి ఉండొచ్చు. అయినా మనసు షెవర్లే మీదే ఉంటే, వెళ్లి ఇలా చూడండి. తలుపు సగం తెరిచి, దాని చివర రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తండి. తలుపు ఒక్కటే ఊగితే కీళ్లు అరిగాయని అర్థం, అది చిన్న పని. కీళ్లు బిగించిన స్తంభం కూడా తలుపుతో పాటు కదిలిందంటే లోపల చెక్క పోయినట్టే. తర్వాత వెనక సీటు దిండు తీసి పక్కన పెట్టి, కింద ఉన్న చెక్కను స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ రండి. గట్టి చెక్క టంగుమంటుంది. పాడైన చోట చప్పుడు చప్పబడిపోతుంది. మూలల్లో పిండిలాంటి పొడి రాలి ఉంటే పురుగు పట్టింది. స్క్రూలు చేత్తో తిప్పితే ఊరికే తిరుగుతుంటే, పట్టుకోవడానికి వాటికి చెక్క మిగల్లేదు.

చెక్క బాగు చేయించలేమా అంటే చేయించవచ్చు. సాలూరులో లారీ బాడీలు కట్టే వడ్రంగుల చేతిలో అంత పనితనం ఉంది, నేను వాళ్ల పని చూసి చెబుతున్నాను. అయితే వంపు తిరిగిన ప్రతి ముక్కకీ పాత ముక్క నమూనాగా చేతిలో ఉండాలి. నమూనాయే పొడైపోతే ఎంత గొప్ప వడ్రంగి అయినా ఊహతోనే చెక్కాలి. అప్పుడు తలుపు ఒక పక్క పడితే ఇంకో పక్క పడదు.

ఇక మోడల్ ఎ. 1927 డిసెంబరులో విడుదలైంది, 1931 దాకా తయారైంది, 48 లక్షలకు పైగా చేశారు. అంత సంఖ్యలో చేసిన బండి కాబట్టి దాని విడిభాగాలు అమెరికాలో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. బేరింగు దగ్గర్నుంచి ఫెండరు దాకా తెప్పించుకోవచ్చు. 3.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 40 గుర్రాల బలం. పెట్రోలు ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందే ఎత్తున ఉంటుంది, పెట్రోలు దానంతటదే కార్బొరేటరులోకి దిగుతుంది, పంపు గొడవే లేదు. మామూలు స్పానర్లతో, శ్రద్ధ ఉన్న కుర్రాడు ఎవరైనా నేర్చుకోగలిగిన బండి. బ్రిటిష్ పాలన ఉన్న మనలాంటి దేశాలకు ఫోర్డ్ కుడి స్టీరింగు బండ్లు కెనడా నుంచి వచ్చేవి. మీరు చూసిన దానికి స్టీరింగు ఎడమ వైపు ఉంటే మాత్రం ఆ బండి ఇక్కడికి ఎప్పుడు, ఎలా వచ్చిందో కాగితాల్లో గట్టిగా చూసుకోండి.

కొనే ముందు ఇంజిన్ వినండి. ఆ బండిలో ఇప్పటి బేరింగు పెంకులు ఉండవు, వైట్ మెటల్ కరిగించి పోసి గీసిన బేరింగులు. బండి బాగా వేడెక్కాక గంటకు 50 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటరు మెల్లగా వదలండి. అప్పుడు టకటకమని తేలిక చప్పుడు వస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు వదులైనట్టు. ఏ సిలిండరుదో కూడా తెలుసుకోవచ్చు. మోడల్ ఎకి స్పార్కు ప్లగ్గుల దాకా వైర్లు ఉండవు, ఇత్తడి పట్టీలు పైకే కనబడుతుంటాయి. ఇంజిన్ నడుస్తుండగా, చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గును సిలిండర్ హెడ్డుకు తాకించి కరెంటు తప్పించండి. ఏ ప్లగ్గు దగ్గర చప్పుడు తగ్గిందో బేరింగు దానిదే. చేయి తడిగా ఉంటే ఈ పని చెయ్యకండి. చల్లారాక ఆయిలు కడ్డీ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు దిగుతున్నాయి. వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్య బ్లాకు పగలడం ఆ ఇంజిన్లకు మామూలు జబ్బే, కాబట్టి హెడ్డు విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

చివరగా, స్టీరింగు వెనక కూర్చుని చూడండి. ఆ కాలపు సీటు దగ్గరగా, స్టీరింగు పెద్దదిగా ఉంటుంది. మోకాళ్లు ఆనుతుంటే ఎంత మంచి బండి అయినా మీరు దాన్ని బయటికి తీయరు.

ప్రశ్న: గురువుగారూ, మాది సాలూరు. ఇంట్లో అందరం లారీ మీదే బతుకుతున్నాం, నేనూ చిన్నప్పట్నుంచీ లారీ తోలుతున్నాను. మా స్నేహితుడు 1929 ఫోర్డ్ నడపమని ఇస్తే, గేరు వేసిన ప్రతిసారీ గరగరమంటోంది. స్టార్టు చేయడం కూడా వేరేగా ఉంది. కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: మీ తప్పేం లేదు తమ్ముడూ. మీరు తోలే లారీ గేరుబాక్సులో సింక్రోమెష్ ఉంటుంది, పళ్ల వేగాన్ని అదే సరిచేస్తుంది. 1929 ఫోర్డ్‌లో అది లేదు. క్యాడిలాక్ వాళ్లు 1928లో మొదలుపెట్టారు, మామూలు కార్లలోకి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, పాత లారీల మీద డబుల్ క్లచ్ వేసినవాళ్లు తప్పకుండా ఉంటారు. ఇది అదే పని.

గేరు పెంచేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్లోకి తెండి. క్లచ్ వదలండి. ఒక్క క్షణం ఆగండి, ఇంజిన్ వేగం దిగుతుంది. మళ్లీ క్లచ్ నొక్కి పై గేరులోకి మెత్తగా వేయండి. గేరు తగ్గించేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కి ఇంజిన్ వేగం పెంచి, వెంటనే క్లచ్ నొక్కి కింది గేరు. కదులుతున్న బస్సు ఎక్కేవాడు దానితో పాటు నాలుగడుగులు పరుగెత్తినట్టే, ఒక పన్ను ఇంకో పంటి వేగాన్ని అందుకోవాలి. ఎంత తొక్కాలో చెవే చెబుతుంది. నాకు పని నేర్పిన డ్రైవరుగారు ఒక్కటే మాట అనేవారు: "బండి ఏటంటాందో ఇను, అప్పుడు సెయ్యెయ్యి." ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. ఫస్ట్ గేరులో ఎక్కువ సేపు లాగకండి, బండి కదిలి నాలుగు గజాలు వెళ్లగానే సెకండ్‌కు వెళ్లిపోండి. మొదట్లో ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకుని పొద్దున్నే ఒక గంట సాధన చేయండి, వారంలో పట్టుబడుతుంది.

స్టార్టు చేయడం ఇలా. స్టీరింగు కింద రెండు మీటలుంటాయి. ఎడమది స్పార్కు, కుడిది పెట్రోలు. స్పార్కు మీట పూర్తిగా పైకి పెట్టండి, అంటే స్పార్కు ఆలస్యంగా పడుతుంది. కుడి మీట కొద్దిగా కిందికి దించండి. పెట్రోలు కుళాయి తిప్పండి, తాళం చెవి తిప్పి ఆన్ చేయండి, చోక్ కడ్డీ లాగి కాలితో స్టార్టరు బటన్ నొక్కండి. ఇంజిన్ అందుకోగానే చోక్ వదిలి, స్పార్కు మీట కిందికి దించండి. మీట పైనే ఉంచి నడిపితే బండికి బలం ఉండదు, ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది.

హ్యాండిల్ వేసి తిప్పాల్సి వస్తే ఇది జాగ్రత్తగా చదవండి. స్పార్కు మీట పైన ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచండి, చుట్టి పట్టుకోవద్దు. కింది నుంచి పైకి లాగండి, పై నుంచి కిందికి తొయ్యొద్దు. ఇంజిన్ వెనక్కి తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి. బొటనవేలు చుట్టి ఉంటే మణికట్టు విరుగుతుంది. మీ ఇంట్లో పిల్లల చేత ఈ పని ఎప్పుడూ చేయించకండి.

ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మా 1931 ఫోర్డ్‌కు అది పోస్తే పాడవుతుందంటున్నారు. సీసం లేని పెట్రోలు కూడా పనికిరాదంటున్నారు. నిజమేనా? - శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి

జవాబు: సీసం సంగతి మర్చిపోండి. మోడల్ ఎ కంప్రెషన్, అంటే సిలిండరులో గాలీ పెట్రోలూ నొక్కుకునే నిష్పత్తి, 4.22 మాత్రమే. ఆ రోజుల్లో దొరికిన నాసిరకం పెట్రోలు మీద నడవడానికే దాన్ని చేశారు. మన మామూలు పెట్రోలు దానికి అవసరానికి మించిన నాణ్యమైనది, ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోసి డబ్బు పారేసుకోనక్కర్లేదు.

ఇథనాల్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కార్కు ముక్కల మీద పూసిన లక్కను కరిగిస్తుంది. మీ బండిలో డ్యాష్‌బోర్డు మీద కనిపించే పెట్రోలు గేజికి ట్యాంకులో అసలు కార్కు బెండే ఉండేది. అది నాని మునిగిపోతే గేజి ఎప్పుడూ ఖాళీ అనే చూపిస్తుంది. కార్కు తీసి కొత్త రకం బెండు వేయించండి. పెట్రోలు వడగట్టే గాజు గిన్నె పైనున్న వాషరు మార్చండి. మీది ఫోర్డు కాబట్టి పంపు లేదు. పంపు ఉన్న ఇతర కార్ల వాళ్లు లోపలి డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునే రకమో కాదో అడిగి వేయించుకోవాలి, లేకపోతే అది చిరిగి పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది.

ఇంకొకటి, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా బండి కదలకపోతే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. నెలల తరబడి తీయరనుకుంటే ట్యాంకూ, కార్బొరేటరు గిన్నే ఖాళీ చేసి పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారు కొన్న పాత డాడ్జ్‌కు డీజిల్ ఇంజిన్ వేయించి, 12 వోల్టులకు మార్చేద్దామని ఇంట్లో అంటున్నారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను, నాకు మనసొప్పడం లేదు. ఏమని చెప్పమంటారు? - బొబ్బిలి నుంచి ఒక విద్యార్థిని

జవాబు: వద్దని గట్టిగా చెప్పమ్మా. పెట్రోలు ధరలు పెరిగిన రోజుల్లో మన దేశంలో ఎన్నో అమెరికా కార్ల ఇంజిన్లు తీసి డీజిల్ వేసేశారు. ఆ రోజు కడుపు నింపుకోవడానికి చేసిన పని, వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ అవసరం లేదు కదా. డీజిల్ బరువుకూ అదురుకూ ఆ చట్రం చేసింది కాదు. అసలు ఇంజిన్ ఒకసారి పాతసామాను కొట్టుకు వెళ్లిందంటే మళ్లీ తిరిగి రాదు. పైగా కొత్త నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి.

ఇప్పుడున్న ఆరు వోల్టుల మీద కోపం ఎందుకొచ్చిందో కూడా ఊహించగలను. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని అయ్యుంటుంది. నూటికి తొంభై పాళ్లు దానికి కారణం కేబుళ్లు. ఆరు వోల్టులకు రెట్టింపు కరెంటు పారాలి, దానికి లావు కేబులు కావాలి. మధ్యలో ఎవరో ఇప్పటి కార్ల సన్న కేబులు వేసి ఉంటారు. లావు కేబులు వేయించి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు ఎర్తు వెళ్లే చోట రంగూ తుప్పూ గీకి బిగించండి. సెల్ఫ్ తీరే మారిపోతుంది. బ్యాటరీ పెట్టే ముందు ఏ కొస ఎర్తో చూసుకో. ఫోర్డ్, పకార్డ్ లాంటి వాటికి పాజిటివ్ ఎర్తు, షెవర్లేకు నెగటివ్. మీ ఆటో ఎలక్ట్రీషియన్ ఇప్పటి కారు అలవాటులో తిరగేసి బిగించేయవచ్చు, పక్కన నిలబడి చూడు.

ప్రశ్న: నాది 1935 ప్లిమత్, మా మిత్రుడిది 1935 ఫోర్డ్ వీ8. రెండూ తీసుకుని శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లాలనుకుంటున్నాం. ఘాట్ రోడ్డుకు ఎవరి బండి భద్రం? - విజయనగరం

జవాబు: బ్రేకుల విషయంలో మీ బండే ముందుంది. ప్లిమత్‌కు 1928లో పుట్టినప్పట్నుంచే హైడ్రాలిక్ బ్రేకులు, అంటే ఆయిలు ఒత్తిడితో పనిచేసేవి. క్రిస్లర్ 1924లోనే పెట్టింది. షెవర్లే 1936లో, ఫోర్డ్ 1939లో ఆ దారికి వచ్చాయి. కాబట్టి మీ మిత్రుడి బండికి కడ్డీలతో పనిచేసే బ్రేకులే. అవి చెడ్డవని నేననను. నాలుగు చక్రాలూ స్టాండ్ల మీద ఎత్తి, నాలుగూ సమంగా పట్టేలా సర్దితే బాగానే ఆగుతాయి. కానీ ఆ సర్దుబాటుకు ఓపిక ఉన్న మనిషి కావాలి, తొక్కడానికి కాలి బలమూ కావాలి.

మీ హైడ్రాలిక్‌లో వేరే ప్రమాదం ఉంది. ఆ కాలపు మాస్టర్ సిలిండరు ఒక్కటే, నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఒక్క గొట్టం పగిలితే పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, ఏ చక్రానికీ బ్రేకు ఉండదు. ఇప్పటి కార్లలో అలా జరగకుండా రెండు దారులుంటాయి. అందుకని ఘాట్ ఎక్కే ముందు రబ్బరు హోసులు మార్పించండి. పైకి బాగానే కనబడినా లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉండొచ్చు. బ్రేకు ఆయిలు పూర్తిగా మార్చండి. హ్యాండ్ బ్రేకు ఒక్కదాంతో వాలు మీద బండి నిలుస్తుందో లేదో పరీక్షించండి. నిలవకపోతే ప్రయాణం మానుకోండి. ఈ విషయంలో మీ మిత్రుడు చెప్పినా వినకండి.

దిగేటప్పుడు సెకండ్ గేరు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగడం పాత పద్ధతి, అదే మంచిది. గేరు దిగుడు మొదలవక ముందే వేయాలి. వాలులో మార్చబోయి న్యూట్రల్లో ఇరుక్కుంటే ఆ బరువును బ్రేకులు ఒక్కటే మోయాలి. 1930ల మొదట్లో కొన్ని అమెరికా కార్లకు ఫ్రీ వీలింగ్ ఉండేది. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే చక్రాలు ఇంజిన్‌తో సంబంధం లేకుండా పోతాయి. ఏ బండిలోనైనా అది ఉంటే ఘాట్‌లో తప్పనిసరిగా లాక్ చేయండి.

వీ8కి వేడి బాధ ఎక్కువ. దానిలో కాలిన పొగ బయటికి వెళ్లే దారి సిలిండర్ బ్లాకు లోపల్నుంచే ఉంటుంది, ఆ వేడంతా నీళ్లలోకే దిగుతుంది. రేడియేటరుకు ఇప్పటిలా ప్రెషర్ మూత కూడా లేదు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. శృంగవరపుకోటలో ఆగి టీ తాగి, రెండు బండ్లూ చల్లారాకే ఎక్కడం మొదలుపెట్టండి. దారిలో మరిగితే నీడన ఆపి, మూత తీయకుండా ఓపికపట్టండి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే బ్లాకు పగులుతుంది.

ఒక ముచ్చట చెప్పాలి. అంతకు ముందటి మోడల్ టి ఫోర్డ్‌కు పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది, పంపు లేదు. ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే నిటారు ఎత్తు మీద కార్బొరేటరుకు అందేది కాదు. అందుకని డ్రైవర్లు బండి తిప్పి రివర్సులో కొండ ఎక్కేవారు. అయినా మోడల్ టి బండ్లు మొత్తం ఒకటిన్నర కోట్లు అమ్ముడయ్యాయి.

ప్రశ్న: బారువలో సముద్రానికి దగ్గర మా ఇల్లు. 2018 తిత్లీ తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. ఇప్పుడు కొత్త షెడ్డు కట్టి 1937 షెవర్లే పెట్టాను. ప్లాస్టిక్ కవరు కప్పి, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్టు చేస్తున్నాను. ఇంకేమైనా చేయాలా?

జవాబు: ఆ రెండూ మానేయండి. ప్లాస్టిక్ కవరు కింద చెమ్మ బయటికి పోదు, ఉప్పుగాలి తేమ రేకు మీదే కూర్చుంటుంది. నూలు గుడ్డ కప్పండి, షెడ్డులో గాలి ఆడనివ్వండి.

ఐదు నిమిషాల స్టార్టు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మండినప్పుడు పుట్టిన నీరు ఆవిరై బయటికి పోకుండా ఆయిల్లో చేరుతుంది. తీస్తే అరగంటైనా నడపండి, లేదంటే ముట్టుకోకండి. నెలకు రెండుసార్లు సోంపేట దాకా వెళ్లి వచ్చినా చాలు. నడిపి వచ్చాక అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. కమాన్ కట్టల మధ్య గ్రీజు ఉండేలా చూసుకోండి, ఉప్పు మొదట అక్కడే పట్టుకుంటుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజే బ్యాటరీ విప్పి, బండిని మెరక మీదికి చేర్చండి. నీళ్లలో మునిగిందా, సెల్ఫ్ కొట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. ముందు ఇంజిన్, గేరుబాక్సు, వెనక డిఫరెన్షియల్ ఆయిళ్లు దించేయాలి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో నీళ్లున్నాయేమో చూడాలి.

ప్రశ్న: 1932 షెవర్లే ఒకటి రిజిస్ట్రేషన్ లేకుండా మా ఇంట్లో పడి ఉంది. బాగు చేయించి పెళ్లి ఊరేగింపులకు అద్దెకు ఇవ్వవచ్చా? - చీపురుపల్లి

జవాబు: రిజిస్ట్రేషన్ చేయించవచ్చు, అద్దెకు మాత్రం ఇవ్వకూడదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికి ఫారం 20తో దరఖాస్తు పెట్టాలి, ఇన్సూరెన్సు పాలసీ జత చేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న బండ్లు పాత నంబరునే ఉంచుకోవచ్చు. కాబట్టి మీ తాతగారి పెట్టెల్లో పాత ఆర్‌సీ పుస్తకం కోసం ముందు బాగా వెతకండి.

ఈ రిజిస్ట్రేషన్‌తో బండిని ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకూ రోడ్డు మీదికి తీసుకురావచ్చు. రోజూ తిరగడానికీ, వ్యాపారానికీ వీల్లేదు. నా మటుకు ఈ నిబంధన మంచిదే. పెళ్లి ఊరేగింపులో మనిషి నడక వేగంతో గంటల తరబడి సాగితే క్లచ్ అరుగుతుంది, రేడియేటరు మరుగుతుంది, పూలదండల తీగలు రంగును గీస్తాయి. మీ ఇంటి పెళ్లికి పెళ్లికూతురిని గుడి నుంచి ఇంటికి తీసుకురావాలని ఉంటే, ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్రశ్న: మోడల్ ఎలో విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లాలంటే హైవే మీద ఏ స్పీడులో వెళ్లొచ్చు? - ఒక పాఠకుడు

జవాబు: ఆ బండి గట్టిగా తొక్కితే గంటకు 100 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. వెళ్లగలదు కదా అని వెళ్లకూడదు. 60, 65 దగ్గర ఇంజిన్ హాయిగా ఉంటుంది, బండి కూడా బ్రేకుల అదుపులో ఉంటుంది. ఆ వేగంతో ఆరు వరసల హైవే ఎక్కితే వెనకొచ్చే లారీలకు మీరు అడ్డం, మీకు వాళ్లు టెన్షన్. నా సలహా అడిగితే నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం మీదుగా వెళ్లండి. దూరం పెరుగుతుంది, కానీ ఆ రోడ్డు వేగం ఆ బండి వేగానికి సరిపోతుంది.

ముందు వెళ్లే బండికి మీరు మామూలుగా వదిలే దూరానికి మూడింతలు వదలండి. ఇండికేటర్లు లేవు కాబట్టి చేత్తో సైగ చేయాలి, అయితే ఇప్పటి కుర్రాళ్లకు ఆ సైగలు తెలియవు. వెనక ఒక కారులో తెలిసినవాళ్లను రమ్మనండి. హెడ్‌లైట్లు వెలుగు తక్కువ, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. వాన పడితే డ్రమ్ములు తడుస్తాయి, నీళ్లు దాటాక నెమ్మదిగా వెళ్తూ బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచితే ఆరతాయి. విజయనగరంలో సిరిమానోత్సవం రోజున మాత్రం బండి బయటికి తీయకండి. బయల్దేరే రోజు పొద్దున్న ఆయిలు, నీళ్లు, నాలుగు టైర్ల గాలి, చక్రాల నట్లు చూసుకుని, ఆరు గంటలకల్లా నెల్లిమర్ల దాటేయండి. రాజాంలో ఆగినప్పుడు చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతా వాటి కంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోంది, సర్ది గానీ ముందుకు వెళ్లొద్దు.